డ్రాఫ్ట్‌లో టీమ్ ఎవర్ని తీసుకుంటుందో ముందే చెప్పగలమా? ఫార్టీనైనర్స్ 2021 కథ

పోయిన ఎపిసోడ్ కింద సగం కామెంట్లు ఒకటే. "అన్నా, ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ అంటే ఏంటి, మాక్ డ్రాఫ్ట్ అంటే ఏంటి, ఒకసారి తెలుగులో చెప్పు." మిగతా సగం మంది మెస్సీ గురించి అడిగారు. ఇది ఆ ఫుట్‌బాల్ కాదు బాబూ. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు లాంటి బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. శాంటా క్లారాలో, సన్నీవేల్‌లో ఉన్న మనవాళ్లకి అయితే కొత్తగా చెప్పక్కర్లేదు. ఫార్టీనైనర్స్ టీమ్ పేరులో శాన్ ఫ్రాన్సిస్కో ఉన్నా, 2014 నుంచి వాళ్ల స్టేడియం ఉన్నది శాంటా క్లారాలోనే. మ్యాచ్ రోజు ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకున్నవాళ్లు మన సబ్‌స్క్రైబర్లలోనే బోలెడు మంది.

ముందు డ్రాఫ్ట్ అంటే ఏంటో చెప్పేస్తా. ఐపీఎల్ వేలం అందరికీ తెలుసు, ఎవరి దగ్గర డబ్బుంటే వాళ్లు చెయ్యెత్తుతారు. డ్రాఫ్ట్‌లో వేలం ఉండదు. ఇది మన ఎంసెట్ కౌన్సెలింగ్ లాంటిది, కాకపోతే తలకిందులుగా. ఇక్కడ ర్యాంకులు టీములకి, సీట్లేమో కాలేజీ ఆట ముగించుకుని వచ్చిన కుర్రాళ్లు. పోయిన సీజన్‌లో అందరికంటే చెత్తగా ఆడిన టీమ్‌కి మొదటి ఛాన్స్. సూపర్ బౌల్ గెలిచిన టీమ్‌కి మొదటి రౌండ్‌లో చివరి ఛాన్స్. 32 టీములు, ఏడు రౌండ్లు, మూడు రోజులు. కుర్రాడికి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే సౌకర్యం లేదు. ఎవరు పిలిస్తే అక్కడికే వెళ్లాలి. 1936లో మొదలైన పద్ధతి ఇది. అప్పుడు మొట్టమొదట ఎంపికైన జే బర్వాంగర్ అనే ఆటగాడు అసలు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అంటే అంచనాలు తప్పడం మొదటి పేరు దగ్గర నుంచే ఉంది.

మరి మాక్ డ్రాఫ్ట్ అంటే? మనకి "కాలేజ్ ప్రెడిక్టర్" వెబ్‌సైట్లు ఉంటాయి చూడండి. ర్యాంకు కొడితే చాలు, ఈ కాలేజీలో సీఎస్‌ఈ వస్తుంది, ఆ కాలేజీలో మెకానికల్ వస్తుంది అని చెప్తాయి. అదే పని ఇక్కడ టీముల కోసం చేస్తారు. ఫలానా టీమ్ ఫలానా నంబర్ దగ్గర ఫలానా కుర్రాడిని తీసుకుంటుంది అని ముందే లిస్ట్ రాసి పెడతారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అమెరికాలో ఇదో పెద్ద పరిశ్రమ. టీవీ ఛానెళ్లు, పాడ్‌కాస్టులు, అభిమానులు, అందరూ దీని మీదే ఉంటారు.

నాకు ఈ మాక్ డ్రాఫ్టులు భలే ఇష్టం. జాబ్ చేసే రోజుల్లో కూడా ఆఫీసు పని అయ్యాక ఎక్సెల్ షీట్ తెరిచి టీముల లిస్టులు వేసుకునేవాణ్ని. కానీ దీన్ని అర్థం చేసుకోవాలంటే వంద లిస్టులు చదవనక్కర్లేదు. ఒక్క పిక్ చాలు. ఫార్టీనైనర్స్, 2021, మూడో పిక్.

ఏం జరిగిందో చూడండి. 2020 సీజన్‌లో ఫార్టీనైనర్స్ ఆరు గెలిచి పది ఓడారు. దాంతో వాళ్లకి వచ్చింది 12వ పిక్. 2021 మార్చి 26న టీమ్ ఓ పెద్ద పని చేసింది. మయామీతో బేరం పెట్టి 12 నుంచి 3కి ఎగబాకింది. ఊరికే ఇస్తారా? ఆ 12వ పిక్, 2022 మొదటి రౌండ్ పిక్, 2023 మొదటి రౌండ్ పిక్, దాని మీద 2022లో ఒక మూడో రౌండ్ పిక్. ఇదంతా ఒక్క కుర్రాడి కోసం.

ఇంత ఖర్చు ఎందుకు పెడతారు? క్వార్టర్‌బ్యాక్ కోసం. ఆట తెలియనివాళ్లకి చెప్తున్నా, ప్రతి ఎత్తులో బంతి ముందు ఇతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలి, ఎప్పుడు విసరాలి అనేది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోపు నూట ముప్పై కిలోల మనుషులు మీద పడటానికి వస్తూ ఉంటారు. ఈ ఒక్క పొజిషన్‌లో మంచివాడు దొరికితే టీమ్ పదేళ్లు బతుకుతుంది. పైగా కొత్త కుర్రాడి జీతం అతని పిక్ నంబర్‌ని బట్టి దాదాపు ముందే ఖాయం అయిపోతుంది, 2011 ఒప్పందం తర్వాత. సీనియర్ క్వార్టర్‌బ్యాక్‌కి ఇచ్చేదాంట్లో అది చిన్న ముక్క. మిగిలిన డబ్బుతో మిగతా టీమ్‌ని కొనుక్కోవచ్చు.

సో, ట్రేడ్ అయిన నిమిషంలోనే పొజిషన్ అందరికీ తెలిసిపోయింది. క్వార్టర్‌బ్యాక్. దీంట్లో ఎవరికీ డౌట్ లేదు. మొదటి పిక్ జాక్సన్‌విల్, వాళ్లు ట్రెవర్ లారెన్స్‌ని తీసుకుంటారని ఊరంతా తెలుసు. రెండో పిక్ న్యూయార్క్ జెట్స్, జాక్ విల్సన్ అని దాదాపు ఖాయం. ఇక మూడో పిక్‌కి మిగిలినవి మూడు పేర్లు. అలబామా నుంచి మ్యాక్ జోన్స్, ఒహాయో స్టేట్ నుంచి జస్టిన్ ఫీల్డ్స్, నార్త్ డకోటా స్టేట్ నుంచి ట్రే లాన్స్. ఊహించేవాళ్లకి ఇంతకంటే ఈజీ పేపర్ ఉంటుందా? ముందు రెండు ఆన్సర్లు తెలుసు, మూడోదానికి మూడే ఆప్షన్లు, ఆలోచించుకోవడానికి 34 రోజులు.

ఎక్కువ మంది టిక్ పెట్టింది మ్యాక్ జోన్స్‌కి. బెట్టింగ్ మార్కెట్‌లో కూడా ఫేవరెట్ అతనే.

వాళ్ల లాజిక్ ఏంటో నిజాయితీగా చెప్పుకుందాం, ఎందుకంటే అది పిచ్చి లాజిక్ కాదు. హెడ్ కోచ్ కైల్ షానహాన్. ఆయన ఆట మొత్తం టైమింగ్ మీద నడుస్తుంది. అట్లాంటాలో ఆయన దగ్గర ఆడిన మ్యాట్ ర్యాన్ 2016లో లీగ్ ఎంవీపీ. వాషింగ్టన్‌లో ఆయన దగ్గర ఉన్నవాడు కర్క్ కజిన్స్. ఇద్దరూ పరుగెత్తేవాళ్లు కాదు, నిలబడి కరెక్టుగా విసిరేవాళ్లు. మ్యాక్ జోన్స్ 2020లో విసిరినవాటిలో 77.4 శాతం సొంతవాళ్ల చేతుల్లోకే వెళ్లాయి. కాలేజీ ఫుట్‌బాల్‌లో అప్పటికి అది రికార్డు. దీనికి తోడు షానహాన్, జనరల్ మేనేజర్ జాన్ లించ్ ఇద్దరూ కలిసి జోన్స్ ప్రాక్టీస్ చూడటానికి స్వయంగా అలబామా వెళ్లారు. అదే రోజు ఫీల్డ్స్ కూడా వేరే ఊళ్లో తన ప్రాక్టీస్ చూపిస్తున్నాడు. ఇంకేం కావాలి సాక్ష్యం? కేసు క్లోజ్.

ఏప్రిల్ 29 రాత్రి, అంటే మనకి 30వ తేదీ తెల్లవారుజామున, స్టేజి మీద చదివిన పేరు ట్రే లాన్స్.

ఎవరీ ట్రే లాన్స్? అప్పటికి 20 ఏళ్లు. మిన్నెసోటాలో మార్షల్ అనే చిన్న ఊరు. పెద్ద డివిజన్ కాలేజీ కూడా కాదు. కాలేజీలో మొత్తం 17 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. 2019లో 28 టచ్‌డౌన్ పాసులు, ఇంటర్‌సెప్షన్ ఒక్కటీ లేదు. 2020లో కరోనా వల్ల ఒకే ఒక్క మ్యాచ్. డేటా పరంగా చూస్తే దాదాపు ఖాళీ రెజ్యూమె. ఒక అదిరిపోయే ప్రాజెక్ట్, తర్వాత ఏడాది గ్యాప్.

ఇప్పుడు నా పాయింట్‌కి వస్తా. అందరూ కైల్ షానహాన్ హిస్టరీ చూశాం అన్నారు కదా. పూర్తిగా చూశారా? 2012లో ఆయన వాషింగ్టన్‌లో అటాక్ నడిపే కోచ్. హెడ్ కోచ్ ఆయన తండ్రి మైక్ షానహాన్. ఆ ఏడాది వాషింగ్టన్ టీమ్ మూడు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక రెండో రౌండ్ పిక్ ఇచ్చి రెండో స్థానానికి ఎగబాకింది. తెచ్చుకున్నది రాబర్ట్ గ్రిఫిన్‌ని. మెరుపులా పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్. ఆ సీజన్‌లో అతని కోసం కైల్ షానహాన్ ఆటనే మార్చి రాశాడు, కుర్రాడు ఆ ఏడాది బెస్ట్ కొత్త ఆటగాడి అవార్డు కొట్టాడు. అంటే 2021లో జరిగినదానికి దాదాపు జిరాక్స్ కాపీ రికార్డుల్లోనే ఉంది. కానీ ర్యాన్, కజిన్స్ దగ్గరి కాలంలో కనిపిస్తున్నారు కాబట్టి 2012ని ఎవరూ గట్టిగా లెక్కేయలేదు.

మెషీన్ లెర్నింగ్ చదివినవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. ముగ్గురు నలుగురు క్వార్టర్‌బ్యాక్‌ల డేటాతో "షానహాన్ టైప్" అని మోడల్ కట్టారు. అందులో నచ్చని రో ఒకటి డిలీట్ చేశారు. కాలేజ్ ప్రెడిక్టర్ కూడా అంతే కదా, పోయిన ఏడాది కటాఫ్ చూసి ఈ ఏడాది సీటు చెప్తుంది. ఈ ఏడాది అందరూ ఏఐ బ్రాంచి మీద పడ్డారని దానికి తెలియదు.

ఇంకోటి. వంద మాక్ డ్రాఫ్టులు ఒకే పేరు చెప్తుంటే మనకి వంద సాక్ష్యాలు దొరికినట్టు అనిపిస్తుంది. బీటెక్‌లో ల్యాబ్ రికార్డులు గుర్తున్నాయా? ఒకడు రాస్తే అరవై మంది దించేస్తారు. వాడు రీడింగ్ తప్పు రాస్తే అరవై రికార్డుల్లో అదే తప్పు. మాక్ డ్రాఫ్టుల్లోనూ అదే సీన్. ఒక పేరున్న రిపోర్టర్ ఒక మాట అంటాడు, వారం తిరిగేసరికి అది అందరి లిస్టుల్లో ఉంటుంది. 2025లో షెడూర్ సాండర్స్‌ని చూడండి. చాలా లిస్టుల్లో మొదటి రౌండ్. చివరికి 144వ పిక్, ఐదో రౌండ్. తీసుకున్న క్లీవ్‌లాండ్ అంతకు ముందే మూడో రౌండ్‌లో ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుని ఉంది! ఆ కుర్రాడు మూడు రోజులు కెమెరాల ముందు ఎదురుచూశాడు. లిస్టులు రాసినవాళ్లు మాత్రం సోమవారం నుంచి వచ్చే ఏడాది లిస్టు మొదలుపెట్టేశారు.

మీకు ఇక్కడ ఓ డౌట్ రావాలి. సరే అన్నా, ఊహించినవాళ్లు తప్పు, మరి టీమ్ కరెక్టా?

ఇదే అసలు మజా. టీమ్ "ఎవర్ని తీసుకుంటుంది" అనేది ఒక ప్రశ్న. "ఎవడు బాగా ఆడతాడు" అనేది పూర్తిగా వేరే ప్రశ్న. ట్రే లాన్స్ ఫార్టీనైనర్స్‌కి మొదలుపెట్టిన మ్యాచ్‌లు మొత్తం నాలుగు. 2022 సెప్టెంబర్‌లో సియాటిల్ మీద ఆడుతూ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. 2023 ఆగస్టులో ఒక నాలుగో రౌండ్ పిక్‌కి అతన్ని డల్లాస్‌కి ఇచ్చేశారు. మూడు మొదటి రౌండ్ పిక్‌లు పెట్టి తెచ్చి, ఒక నాలుగో రౌండ్‌కి అమ్మారు. అతని మొదటి కాంట్రాక్టు సుమారు 3 కోట్ల 41 లక్షల డాలర్లు.

వాళ్లు వదులుకున్నవి ఏమయ్యాయో తెలుసా? ఆ 12వ పిక్ మయామీ నుంచి ఫిలడెల్ఫియాకి, అక్కణ్నుంచి డల్లాస్‌కి చేరింది. డల్లాస్ ఆ నంబర్ దగ్గర తీసుకున్నది మైకా పార్సన్స్‌ని. లీగ్‌లోనే భయపెట్టే డిఫెండర్లలో ఒకడయ్యాడు. 2022 పిక్‌ని మయామీ టైరీక్ హిల్‌ని తెచ్చుకునే బేరంలో వాడుకుంది. 2023 పిక్‌ని బ్రాడ్లీ చబ్ కోసం వాడింది. చదువుతుంటే ఫార్టీనైనర్స్ అభిమానులకి కడుపు మండుతుంది, నాకు తెలుసు.

ఆగండి, ఇంకా అయిపోలేదు. 2022 డ్రాఫ్ట్‌లో చివరి పిక్, 262వది, ఫార్టీనైనర్స్‌దే. చివరి పిక్‌ని అక్కడ "మిస్టర్ ఇర్రెలెవెంట్" అని సరదాగా పిలుస్తారు, అంటే లెక్కలోకి రానివాడు. తీసుకున్నది ఐయోవా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీని. ఆ ఏడాది లాన్స్ పడిపోయాడు, డిసెంబర్‌లో జిమ్మీ గరాపొలో కాలు విరిగింది. మిగిలింది పర్డీ. దింపితే వరసగా గెలిపించాడు. 2024 ఫిబ్రవరిలో టీమ్‌ని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు, కాన్సస్ సిటీ చేతిలో ఓవర్‌టైమ్‌లో 25–22తో పోయింది. 2025లో ఐదేళ్లకి 26 కోట్ల 50 లక్షల డాలర్ల కాంట్రాక్టు. 2022 ఏప్రిల్‌లో ఈ మాట ఎవరైనా లిస్టులో రాసి ఉంటే పిచ్చోడనేవాళ్లు. టీమ్ కూడా అనుకోలేదు. అనుకుని ఉంటే 262 దాకా ఆగుతుందా?

దీని మీద సీరియస్ రీసెర్చే ఉంది. కేడ్ మాస్సీ, రిచర్డ్ థేలర్ అని ఇద్దరు ప్రొఫెసర్లు. థేలర్‌కి 2017లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. వాళ్లు ఏళ్ల తరబడి డ్రాఫ్ట్ డేటా తీసి ఒక చిన్న ప్రశ్న అడిగారు. ఒకే పొజిషన్‌లో ముందు ఎంపికైన కుర్రాడు, తన వెనకే ఎంపికైన కుర్రాడి కంటే మెరుగ్గా తేలే అవకాశం ఎంత? వచ్చిన జవాబు సుమారు 52 శాతం. నాణెం ఎగరేస్తే 50. స్కౌట్లు, డాక్టర్లు, ఇంటర్వ్యూలు, వీడియో రూములు, కోట్ల డాలర్లు, ఇవన్నీ కలిసి కొన్నది ఆ రెండు శాతం. కాబట్టి మూడు పిక్‌లు ఒక్కడి మీద పెట్టడం కంటే మూడు సార్లు నాణెం ఎగరేయడమే తెలివైన పని అని వాళ్ల పేపర్ సారాంశం. ఫార్టీనైనర్స్ దానికి సరిగ్గా రివర్స్ చేసింది.

ఇక నా దగ్గరికి వచ్చిన మెసేజ్ గురించి. న్యూజెర్సీలో ఎమ్మెస్ చేస్తున్న ఒక తమ్ముడు ఇన్‌స్టాలో రాశాడు. "అన్నా, డ్రాఫ్ట్‌కి పక్కా పేరు ఒక్కటి చెప్పు, 500 డాలర్లు పెడుతున్నా, సెమిస్టర్ ఫీజుకి షార్టేజ్ ఉంది." న్యూజెర్సీలో బెట్టింగ్ లీగల్, డ్రాఫ్ట్ మీద కూడా పెట్టుకోవచ్చు. నేను పేరు చెప్పలేదు. అతనికి రాసిందే ఇక్కడ కూడా చెప్తా. మ్యాచ్ మీద పందెం అంటే కనీసం గ్రౌండ్‌లో ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. డ్రాఫ్ట్ మీద పందెం అలా కాదు తమ్ముడూ. జవాబు ఒక గదిలో కొంతమందికి ముందే తెలుసు. నీకు తెలియదు. వాళ్లు బయటికి వదిలే మాటల్లో సగం పక్క టీముల్ని తప్పుదారి పట్టించడానికే. వెళ్లి జోన్స్ ప్రాక్టీస్ చూశారు, తీసుకున్నది లాన్స్‌ని. 2021లో ఫేవరెట్ మీద డబ్బు పెట్టినవాళ్లందరి దగ్గరా మంచి లాజిక్ ఉంది, మంచి డేటా ఉంది. డబ్బు పోయింది. నీ ఫీజు డేట్ మాత్రం మారదు.

మన దగ్గర అయితే అసలు ఆ ప్రశ్నే లేదు. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేల్ని ఆపాయి. 2025 ఆగస్టులో పార్లమెంట్ దేశమంతటికీ ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని, వాటి ప్రకటనల్ని కూడా నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లు ప్రమోట్ చేసిన యూట్యూబర్ల మీద కేసులు పడ్డాయి, మీరు చూసే ఉంటారు. నాకూ ఒక యాప్ నుంచి ఆఫర్ వచ్చింది, "ప్రెడిక్షన్ కంటెంట్ బాగుంది, కింద లింక్ పెట్టండి చాలు" అని. వద్దన్నాను. డిస్క్రిప్షన్‌లో లింక్ ఏదీ లేదు, వెతక్కండి.

మరి సరదాకి మాక్ డ్రాఫ్ట్ వేయాలంటే ఎలా? వేయండి, ఇది నిజంగా మంచి బ్రెయిన్ గేమ్. ఒక్క టీమ్‌ని ఎంచుకోండి. 32 టీములూ వేస్తే ఎందుకు పాడవుతుందో లెక్క చెప్తా. ఒక్కో పిక్‌లో మీరు 80 శాతం కరెక్ట్ అనుకోండి, అది చాలా ఎక్కువ. వరసగా ఐదు కరెక్ట్ అయ్యే ఛాన్స్ 33 శాతం. పది అయితే 11. మధ్యలో ఒక్క ట్రేడ్ జరిగితే కింద ఉన్న లిస్టు మొత్తం జరిగిపోతుంది.

ఒక్క టీమ్ తీసుకున్నాక పేరు జోలికి పోకండి, ముందు పొజిషన్ రాయండి. ఎవరి కాంట్రాక్టు అయిపోతోంది, ఎవరికి ముప్పై దాటాయి, మార్చిలో బయటి నుంచి ఎవర్ని కొన్నారు, ఇవి చూడండి. మార్చిలో ఒక పొజిషన్‌కి భారీగా డబ్బు పోస్తే మొదటి రౌండ్‌లో మళ్లీ అదే పొజిషన్‌కి వెళ్లే ఛాన్స్ తగ్గుతుంది. జనరల్ మేనేజర్ పాత డ్రాఫ్టులన్నీ చూడండి. గ్రిఫిన్ లాంటి ఇబ్బందిపెట్టే రో కనిపిస్తే దాన్నే ఎక్కువసేపు చూడండి. ఎవర్ని విజిట్‌కి పిలిచారన్న వార్తలకి మరీ బరువు ఇవ్వకండి. టీమ్ 30 మందిని పిలవచ్చు. తీసుకునేది ఆ ఏడాది ఏడెనిమిది మందిని. ఇవన్నీ అయ్యాక ఒక్క పేరు కాకుండా మూడు పేర్లు రాసి పక్కన శాతాలు వేయండి. 2021లో జోన్స్ 50, లాన్స్ 30, ఫీల్డ్స్ 20 అని రాసినవాడిని నేను తప్పు అనను. "100 శాతం జోన్స్" అని థంబ్‌నెయిల్ పెట్టినవాడి వీడియో ఇప్పటికీ అక్కడే ఉంటుంది, వెళ్లి చూసుకోవచ్చు.

ఆ మ్యాక్ జోన్స్ ఏమయ్యాడని అడుగుతారు, నాకు తెలుసు. 2021లో 15వ పిక్‌గా న్యూ ఇంగ్లండ్ తీసుకుంది, మొదటి ఏడాది బాగా ఆడాడు, తర్వాత తగ్గాడు, జాక్సన్‌విల్ వెళ్లాడు. 2025లో బ్యాకప్‌గా సంతకం పెట్టింది ఎక్కడో తెలుసా? ఫార్టీనైనర్స్‌లో. పర్డీ కాలి బొటనవేలికి దెబ్బ తగిలితే దిగి మ్యాచ్‌లు గెలిపించాడు కూడా. నాలుగేళ్లు లేటుగా అందరి మాక్ డ్రాఫ్టూ కరెక్ట్ అయ్యింది, ఒక రకంగా.

డ్రాఫ్ట్ మొదటి రౌండ్ మన టైమ్‌లో ఏప్రిల్ చివర్లో వచ్చే శుక్రవారం తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది. మీరు ఎంచుకున్న టీమ్, పొజిషన్, మూడు పేర్లు, శాతాలు, అన్నీ అంతకు ముందే కామెంట్‌లో పెట్టేయండి. పేరు చదివాక ఎడిట్ చేస్తే "ఎడిటెడ్" అని కనిపిస్తుంది, నేను చూస్తా. వచ్చే ఎపిసోడ్‌లో శాలరీ క్యాప్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.